తరగతి గది గోడ మీద సిలువ: లౌట్సీ వర్సెస్ ఇటలీ కేస్ స్టడీ

ప్రభుత్వ పాఠశాల గోడ మీద ఒక మతానికి చెందిన గుర్తు ఉండవచ్చా అన్న వాదన ఏ దేశంలో మొదలైనా, న్యాయవాదులు తిరగేసే తీర్పుల్లో లౌట్సీ వర్సెస్ ఇటలీ తప్పకుండా ఉంటుంది. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో ఇది 30814/06 నంబరు దరఖాస్తు. ఆ న్యాయస్థానమే 2009లో, తన పిల్లల తరగతి గదుల్లో సిలువ వద్దన్న తల్లి లౌట్సీ పక్షాన ఏకగ్రీవంగా తీర్పు చెప్పి, 2011లో అదే కేసులో 15–2 ఆధిక్యంతో ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. ఈ రెండింటి మధ్య వాస్తవాల్లో మార్పేమీ లేదు. విద్యాసంస్థల వ్యాజ్యాలు చూసే న్యాయవాదిగా నేను ఈ కేసును జూనియర్ల చేత పూర్తిగా చదివించడానికి కారణం ఇదే. మత చిహ్నాల వివాదాల్లో ఫలితాన్ని నిర్ణయించేది సిద్ధాంతం కన్నా, మొదటి రోజు ప్రశ్నను ఎలా వేశారు, రికార్డులో ఏం చేర్చారు అన్న విషయాలే. ఇక్కడ పాఠశాల స్థాయిలోనే ప్రశ్న "ఉంచాలా, తీసేయాలా" అన్న రూపం తీసుకుంది. ఆ రెంటికీ మధ్య పిల్లల అంతరాత్మకు చోటిచ్చే మార్గాలు తొమ్మిదేళ్ల వ్యాజ్యంలో వెనకబడిపోయాయన్నది నా నిశ్చితాభిప్రాయం.

వాస్తవాలు

ఇటలీ ఈశాన్యాన వెనెటో ప్రాంతంలో, పాడువా నగరానికి దగ్గరలో అబానో టెర్మే అనే పట్టణం ఉంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో 2001–02 విద్యా సంవత్సరంలో 11, 13 ఏళ్ల వయసున్న ఇద్దరు అన్నదమ్ములు చదివేవారు. ప్రతి తరగతి గదిలోనూ గోడకు సిలువ ఉండేది. పిల్లలను లౌకిక దృక్పథంతో పెంచుకోవాలన్నది ఆ తల్లిదండ్రుల కోరిక. 2002 ఏప్రిల్ 22న పాఠశాల పాలకమండలి సమావేశంలో తండ్రి ఈ విషయం లేవనెత్తి, మత చిహ్నాలను తొలగించాలా వద్దా అని అడిగారు. మే 27న మండలి ఓటింగు జరిపింది. ఉంచాలని 10 మంది, వద్దని ఇద్దరు ఓటేయగా ఒకరు తటస్థంగా ఉన్నారు. జులై 23న తల్లి ఆ నిర్ణయాన్ని వెనెటో పరిపాలనా న్యాయస్థానంలో సవాలు చేశారు. వ్యాజ్యం నడుస్తుండగానే అక్టోబర్ 3న విద్యాశాఖ మంత్రి ఒక ఆదేశం జారీ చేస్తూ, తరగతి గదుల్లో సిలువ ఉండేలా ప్రధానోపాధ్యాయులు చూసేటట్టు అధికారులు జాగ్రత్త తీసుకోవాలని చెప్పారు. అప్పటివరకు ఒక ఊరి పాఠశాల నిర్ణయంగా ఉన్న సంగతి ఆ ఆదేశంతో రాజ్య విధానంగా మారింది. వాదికి ఇది ఒక రకంగా ఉపకరించింది కూడా, ఎందుకంటే ఆ తర్వాత ఈ పని పాఠశాలదే తప్ప ప్రభుత్వానిది కాదని ఎవరూ అనలేకపోయారు.

ఈ సిలువకు ఆధారమైన నియమాల చరిత్ర తెలియకపోతే తర్వాతి వాదన అర్థం కాదు. ఇటలీ ఏకీకరణకు ముందే, 1860లో పీడ్‌మాంట్–సార్డీనియా రాజ్యం పాఠశాలలకు సిలువ ఉండాలని ఒక రాజశాసనంలో చేర్చింది. ముస్సోలినీ పాలనలో 1924 నాటి రాజశాసనం ప్రతి పాఠశాలకు జాతీయ పతాకం, ప్రతి తరగతి గదికి సిలువ, రాజుగారి చిత్రపటం ఉండాలని చెప్పింది. 1928 నాటి మరో శాసనం సిలువను తరగతి గదికి అవసరమైన సామగ్రి జాబితాలో చేర్చింది. 1946లో రాచరికం పోయింది, దానితో రాజుగారి పటమూ పోయింది, సిలువ మిగిలింది. 1948 రాజ్యాంగం రాజ్యాన్నీ కాథలిక్ చర్చినీ వేర్వేరుగా స్వతంత్రమైనవని ప్రకటించింది. 1984లో వాటికన్‌తో కుదిరిన సవరణ ఒప్పందం కాథలిక్ మతం రాజ్య ఏకైక మతమన్న పాత సూత్రాన్ని విడిచిపెట్టింది. 1989లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం లౌకికత్వాన్ని రాజ్యాంగపు అత్యున్నత సూత్రాల్లో ఒకటిగా గుర్తించింది. అయినా 1924, 1928 శాసనాలను ఎవరూ స్పష్టంగా రద్దు చేయలేదు.

ఇటలీ న్యాయస్థానాల్లో

వెనెటో న్యాయస్థానం 2004 జనవరిలో ఈ ప్రశ్నను రాజ్యాంగ న్యాయస్థానానికి నివేదించింది. రాజ్యాంగ న్యాయస్థానం అదే ఏడాది డిసెంబర్ 15న ఇచ్చిన ఉత్తర్వులో దానిని విచారణకు స్వీకరించలేమని చెప్పింది. సిలువ గురించిన నియమం చట్టంలో లేదనీ, చట్టం కన్నా తక్కువ స్థాయి గల పరిపాలనా నియమావళిలో ఉందనీ, అలాంటి నియమాలను తాము పరిశీలించలేమనీ దాని కారణం. సాంకేతికంగా అది సరైనదే కావచ్చు. కానీ లౌకికత్వ సూత్రానికి రూపమిచ్చిన న్యాయస్థానమే, ఆ సూత్రం తరగతి గది గోడ దగ్గర ఏమవుతుందో చెప్పే అవకాశాన్ని వదులుకుంది. ఆ లోటు ఈ కేసు చివరిదాకా కనిపిస్తుంది.

తిరిగి వచ్చిన కేసులో వెనెటో న్యాయస్థానం 2005 మార్చి 17న తల్లి అభ్యర్థనను తోసిపుచ్చింది. సిలువ ఇటలీ చరిత్రకు, సంస్కృతికి, తద్వారా ఆ దేశ గుర్తింపుకు చిహ్నమని, సమానత్వం, స్వేచ్ఛ, సహనం, చివరకు రాజ్య లౌకికత్వం కూడా అందులో ఇమిడి ఉన్నాయని ఆ తీర్పు వివరించింది. 2006లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానమైన కౌన్సిల్ ఆఫ్ స్టేట్ దాదాపు అదే తర్కంతో అప్పీలును కొట్టివేసింది. ఈ రెండు తీర్పులూ సిలువను మత చిహ్నంగా కాక సాంస్కృతిక చిహ్నంగా నిలబెట్టాయి. భక్తితో సిలువను చూసే క్రైస్తవులకు కూడా ఈ వాదన సమ్మతం కాకూడదని నేను అనుకుంటాను. ఒక విశ్వాసపు కేంద్ర చిహ్నాన్ని గోడ మీద నిలబెట్టడానికి దానిలోని విశ్వాసాన్నే పక్కన పెట్టవలసి రావడం ఆ విశ్వాసానికి గౌరవం కాదు.

స్ట్రాస్‌బర్గ్: రెండు తీర్పులు

2006 జులై 27న తల్లి, ఇద్దరు కుమారులు స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానానికి దరఖాస్తు చేశారు. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడికలో వారు ఆధారం చేసుకున్నవి ప్రధానంగా రెండు: తల్లిదండ్రుల మత, తాత్విక విశ్వాసాలకు అనుగుణమైన విద్యకు హక్కునిచ్చే మొదటి ప్రొటోకాల్ (అనుబంధ ఒప్పందం) 2వ అధికరణం, ఆలోచనా స్వేచ్ఛ, అంతరాత్మ స్వేచ్ఛ, మత స్వేచ్ఛలను కాపాడే ఒడంబడిక 9వ అధికరణం. ఏడుగురు న్యాయమూర్తుల చాంబర్ 2009 నవంబర్ 3న ఈ రెంటినీ కలిపి చదివి ఉల్లంఘన జరిగిందని ఏకగ్రీవంగా తేల్చింది, 5,000 యూరోల పరిహారం ఇమ్మంది. తరగతి గదిలో సిలువను గమనించకుండా ఉండడం సాధ్యం కాదనీ, వేరే మతానికి చెందిన లేదా ఏ మతమూ పాటించని పిల్లలకు అది మానసికంగా ఇబ్బంది కలిగించవచ్చనీ, నిర్బంధ విద్య అందించేటప్పుడు రాజ్యం తటస్థంగా ఉండాలనీ ఆ తీర్పు సారాంశం.

ఇటలీలో ఈ తీర్పుపై పెద్ద ఎత్తున నిరసన వచ్చింది. ప్రభుత్వం కేసును 17 మంది న్యాయమూర్తుల గ్రాండ్ చాంబర్‌కు పంపాలని కోరింది, ఆ కోరిక నెరవేరింది. గ్రీస్, రష్యా, బల్గేరియా, రొమేనియా, మాల్టా వంటి 10 దేశాలు ఇటలీకి మద్దతుగా ప్రవేశించాయి. వాటిలో ఎనిమిదింటి తరఫున 2010 జూన్ 30న వాదించిన జోసెఫ్ వైలర్ యూదు మతస్థుడైన న్యాయశాస్త్ర ఆచార్యుడు. ఖాళీ గోడ కూడా తటస్థం కాదనీ, మతాన్ని తొలగించడం కూడా ఒక పక్షం తీసుకోవడమేననీ ఆయన వాదించారు. ఆ వాదనలో బలముందని ఒప్పుకోవాలి. మతాన్ని బడిలో కనపడనివ్వని వ్యవస్థలో పెరిగే భక్తుల బిడ్డకూ అంతరాత్మ ఉంటుంది.

2011 మార్చి 18న గ్రాండ్ చాంబర్ ఉల్లంఘన లేదని తీర్పు చెప్పింది. సిలువ అన్నిటికన్నా ముందు మత చిహ్నమేనని అది ఒప్పుకోవడం చెప్పుకోదగ్గ విషయం; ఇటలీ న్యాయస్థానాల సాంస్కృతిక వాదాన్ని అది యథాతథంగా స్వీకరించలేదు. మెజారిటీ మతానికి పాఠశాలలో ఎక్కువగా కనిపించే స్థానం లభిస్తుందని కూడా అంగీకరించింది. ఆ మాత్రం చేత అది మతబోధ కాదన్నది మెజారిటీ న్యాయమూర్తుల వాదన. గోడ మీది సిలువ స్వతహాగా నిష్క్రియమైన చిహ్నమని, ఉపాధ్యాయుని ప్రసంగానికో, మత కార్యక్రమంలో పాల్గొనడానికో ఉండే ప్రభావం దానికి ఉండదని చెప్పింది. సిలువ పిల్లల మీద ప్రభావం చూపుతుందనడానికి తమ ముందు సాక్ష్యం లేదని, తల్లి వ్యక్తిగత అనుభూతి ఒక్కటే ఉల్లంఘనను రుజువు చేయదని రాసింది. ఈ విషయంలో యూరప్ దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు కనుక, ఎవరి సంప్రదాయానికి తగిన నిర్ణయం వారు తీసుకునే విచక్షణ పరిధి ఆయా దేశాలకు ఉందని తేల్చింది. ఇటలీ బడుల్లో నిర్బంధ క్రైస్తవ బోధ లేకపోవడం, ముస్లిం విద్యార్థినులు తలకు వస్త్రం కట్టుకోవడంపై నిషేధం లేకపోవడం, రంజాన్ మొదలు, ముగింపు తరచూ జరుపుకోవడం వంటి అంశాలను ప్రభుత్వం రికార్డులో పెట్టగా, న్యాయస్థానం వాటికి చాలా బరువిచ్చింది. మైనారిటీగా మిగిలిన ఇద్దరు న్యాయమూర్తులు, నిర్బంధ విద్య ఉన్నచోట రాజ్యం తటస్థత మరింత కఠినంగా పాటించాలని, మత స్వేచ్ఛలో మత చిహ్నాలకు దూరంగా ఉండే స్వేచ్ఛ కూడా భాగమని రాశారు.

వాదన ఎక్కడ నిలిచింది, ఎక్కడ బలహీనపడింది

ప్రభుత్వం గెలిచింది "నిష్క్రియ చిహ్నం" అన్న మాట మీద. తీర్పులో నాకు అతి బలహీనంగా కనిపించేదీ ఆ మాటే. ఇటలీ ప్రభుత్వం, దాని న్యాయస్థానాలు సిలువ సహనాన్ని, సమానత్వాన్ని, జాతి గుర్తింపును పిల్లల ముందు నిలుపుతుందని చెప్పాయి. అలా నిలిపేది నిష్క్రియం ఎలా అవుతుంది? అది విలువలను చెబుతుందంటే పిల్లలతో మాట్లాడుతున్నట్టే. అది ఏమీ మాట్లాడదంటే ప్రతి గదిలోనూ ఉండి తీరాలని శాసనం రాయవలసిన అవసరం ఏముంది? ఈ రెండు వాదనల్లో ఒకదాన్ని ఎంచుకోమని ప్రభుత్వాన్ని నిలదీయవలసిన సందర్భం అది, గ్రాండ్ చాంబర్ మాత్రం రెంటినీ పక్కపక్కనే ఉండనిచ్చింది.

సాక్ష్యం విషయంలో మాత్రం నేను మెజారిటీని పూర్తిగా తప్పుపట్టలేను. పిల్లలు ఎక్కడ కూర్చునేవారు, సిలువ నల్లబల్లకు పైన ఉండేదా లేక పక్క గోడకా, దాని ముందు ప్రార్థన జరిగేదా, ఉపాధ్యాయులు పాఠంలో దానిని ప్రస్తావించేవారా, తోటి పిల్లలు ఈ అన్నదమ్ములతో ఎలా ప్రవర్తించేవారు — ఇలాంటి వివరాలు తీర్పులో బరువైన స్థానం పొందలేదు. కేసు మొత్తం చిహ్నపు అర్థం మీద నడిచింది, పిల్లల అనుభవం మీద కాదు. అర్థాల వాదన వస్తే న్యాయమూర్తులు చరిత్ర వైపు చూస్తారు, చరిత్ర సాధారణంగా మెజారిటీ పక్షాన ఉంటుంది.

బవేరియాలో ఇదే వివాదం ఎలా నడిచిందో దీని పక్కన పెట్టి చూడాలి. జర్మనీలోని ఆ రాష్ట్రంలో 1983 నాటి పాఠశాల నియమం ప్రతి తరగతి గదిలో సిలువ పెట్టాలని చెప్పింది. తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ బోధనలను అనుసరించే ఒక కుటుంబానికి చెందిన బిడ్డ చదివే గదిలో నల్లబల్ల దిక్కునే, పిల్లల చూపుకు ఎదురుగా 80 సెంటీమీటర్ల ఎత్తున్న సిలువ ఉండేది, దాని మీద క్రీస్తు ప్రతిమ 60 సెంటీమీటర్లు. తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పాక పాఠశాల దాని స్థానంలో ప్రతిమ లేని చిన్న సిలువను పెట్టింది. పిల్లలు మరో గదికి మారినప్పుడు మళ్లీ ప్రతిమతో ఉన్న సిలువే ఎదురైంది. ఈ కొలతలు, ఈ రాజీ, ఆ రాజీ నిలవకపోవడం అన్నీ రికార్డులో ఉన్నాయి. 1995 మే 16 నాటి నిర్ణయంలో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 5–3 ఆధిక్యంతో ఆ నియమం చెల్లదని చెప్పింది. బడికి రావడం తప్పనిసరి కనుక పిల్లవాడు ఆ చిహ్నం నుంచి తప్పించుకునే దారి లేదన్నది ఆ నిర్ణయానికి కీలకం.

దాని తర్వాత జరిగింది నాకు ఇంకా ముఖ్యం. బవేరియా 1995 డిసెంబర్‌లో కొత్త చట్టం చేసి, సిలువను ఉంచుతూనే ఒక అభ్యంతర విధానాన్ని ఏర్పాటు చేసింది. విశ్వాసానికో ప్రపంచ దృష్టికో సంబంధించి ఎవరైనా గంభీరమైన కారణంతో అభ్యంతరం చెబితే ప్రధానోపాధ్యాయుడు ముందు సామరస్యంగా పరిష్కరించడానికి ప్రయత్నించాలి. అది కుదరకపోతే, ఆ ఒక్క సందర్భానికి, అభ్యంతరం చెప్పినవారి స్వేచ్ఛను గౌరవించే ఏర్పాటు చేయాలి. 1999లో జర్మనీ సమాఖ్య పరిపాలనా న్యాయస్థానం ఈ చట్టాన్ని నిలబెడుతూ, మరో న్యాయమైన దారి లేనప్పుడు అభ్యంతరం చెప్పినవారి మాటే చెల్లాలని వివరించింది. అంటే బవేరియా అంతటా సిలువలు దిగిపోలేదు. ఏ గదిలో ఒక బిడ్డకు నిజంగా ఇబ్బంది ఉందో ఆ గది లెక్క వేరుగా తేలింది. అబానో టెర్మేలో 10–2 ఓటుకు బదులు ఇలాంటి ఒక విధానం ఉండి ఉంటే, ఆ కుటుంబం స్ట్రాస్‌బర్గ్ దాకా వెళ్లవలసి వచ్చేదా అని అడగడం సబబే.

ఇటలీ కూడా చివరకు ఆ దిక్కుకే వచ్చింది, ఈసారి ఒక ఉపాధ్యాయుని కేసులో. టెర్ని పట్టణంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో విద్యార్థుల సమావేశం సిలువ ఉండాలని మెజారిటీతో తీర్మానించింది, ప్రధానోపాధ్యాయుడు ఆ ప్రకారం సర్క్యులర్ ఇచ్చారు. సాహిత్యం చెప్పే ఒక ఉపాధ్యాయుడు తన పీరియడు మొదట్లో సిలువను గోడ నుంచి దించి, పాఠం అయ్యాక మళ్లీ తగిలించేవాడు. అతడిని 30 రోజుల పాటు సస్పెండ్ చేశారు. 2021 సెప్టెంబర్ 9న ఇటలీ అత్యున్నత అప్పీలు న్యాయస్థానం తన సంయుక్త ధర్మాసనం ద్వారా ఇచ్చిన 24414 నంబరు తీర్పులో 1924 శాసనాన్ని రాజ్యాంగపు వెలుగులో కొత్తగా చదివింది. సిలువ ఉండడం ఇక తప్పనిసరి కాదు; పాఠశాల సముదాయం స్వయంగా చర్చించి, భిన్న విశ్వాసాలున్నవారితో సహేతుకమైన సర్దుబాటు వెతుకుతూ, దానిని ఉంచుకోవచ్చు. మెజారిటీ ఓటే చివరి మాట కాదు, ఉపాధ్యాయుని వీటో కూడా చివరి మాట కాదు. సిలువ పక్కన మరో చిహ్నం పెట్టడం, దాని స్థలం మార్చడం, ఆ ఉపాధ్యాయుని పాఠం సమయంలో దించడం వంటి ఏర్పాట్లను పరిశీలించకుండా మెజారిటీ తీర్మానాన్ని అమలు చేసిన సర్క్యులర్ నిలవదని చెప్పి, శిక్షను రద్దు చేసింది. అయితే అది ఉపాధ్యాయుని పట్ల వివక్ష అన్న వాదనను అంగీకరించలేదు.

అమెరికా మార్గం వేరు. కెంటకీ రాష్ట్రం బైబిల్‌లోని పది ఆజ్ఞల ప్రతిని తరగతి గదుల్లో పెట్టాలని చేసిన చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1980లో స్టోన్ వర్సెస్ గ్రాహం కేసులో 5–4తో కొట్టివేసింది. ఆ ప్రతులను విరాళాలతో ముద్రించినా, ఎవరూ బయటకు చదివి వినిపించకపోయినా ఫలితం మారదంది, అంటే గోడ మీద మౌనంగా ఉన్నంత మాత్రాన మినహాయింపు ఇవ్వలేదు. 2025లో టెక్సాస్ మళ్లీ అలాంటి చట్టం చేసింది. దానిపై వేసిన దావాలో హిందూ కుటుంబం కూడా ఉంది; తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్లేనో విద్యా జిల్లా ప్రతివాదుల్లో ఒకటి. 2025 ఆగస్టు 20న శాన్ ఆంటోనియోలోని ఫెడరల్ న్యాయస్థానం మధ్యంతర నిషేధాజ్ఞ ఇచ్చింది, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

మన దగ్గర పనికొచ్చేది

మన రాజ్యాంగంలో 28వ అధికరణం మొదటి ఖండం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదంటుంది. మూడో ఖండం గుర్తింపు పొందిన, ఎయిడెడ్ సంస్థల్లో ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కావాలని కోరరాదంటుంది. గోడ మీది పటం గురించి రెండూ నేరుగా మాట్లాడవు. అందువల్ల మన కేసుల్లో పటం ఒక్కటే ఉందా, దాని చుట్టూ ఏదైనా ఆచరణ ఉందా అన్నది తేల్చడం మొదటి పని. పరీక్షల ముందు ఆ పటానికి దండ వేసి, దీపం వెలిగించి, పిల్లలందరినీ చేతులు జోడించి నిలబడమన్నారంటే, ఏ మతపు పటమైనా సరే, అది నిష్క్రియ చిహ్నం అన్న వాదన అక్కడితో ఆగుతుంది. వివాదం గోడ నుంచి ఆరాధన వైపు జరుగుతుంది.

రెండో పని, ఎవరు నిర్ణయించారో తెలుసుకోవడం. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ఏర్పడే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. ఇది మంచి ఏర్పాటే, కానీ ఒక బిడ్డ అంతరాత్మ మీద ఓటింగు పెట్టడానికి అది వేదిక కాదు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకుండా గౌరవంగా నిలబడినందుకు కేరళ బడి నుంచి పంపేసిన ముగ్గురు పిల్లలను తిరిగి చేర్చుకోమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన ఆ తీర్పు ఎంతమంది అటు ఉన్నారన్నది చూడలేదు, ఆ నమ్మకం నిజాయితీతో కూడినదా అన్నది చూసింది. చిహ్నాల కేసుల్లో మన వాదనకు లౌట్సీ కన్నా ఇది దృఢమైన ఆధారం.

కాబట్టి ఇలాంటి ఫిర్యాదుతో తల్లిదండ్రులు వచ్చినప్పుడు నేను ముందు రిట్ పిటిషన్ రాయను. హెడ్మాస్టరు పేరిట, ఎంఈఓకు, డీఈఓకు ప్రతులతో ఒక వినతిపత్రం రాయిస్తాను. అందులో తొలగించమన్న కోరిక ఒక్కటే ఉండదు. ఆ పటం ఏ గదిలో, ఏ గోడకు, ఎంత ఎత్తులో ఉంది, దాని ముందు ఏం జరుగుతుంది, బిడ్డను ఏం చేయమన్నారు, బిడ్డ కాదంటే ఏమైంది అన్నవి తేదీలతో ఉంటాయి. స్థలం మార్చడం, ఆచరణ సమయంలో బిడ్డకు మినహాయింపు ఇవ్వడం, మినహాయింపు తీసుకున్న బిడ్డను తోటివారి ముందు వేలెత్తి చూపకుండా చూడడం — వీటిని ప్రత్యామ్నాయాలుగా వరుసగా అడుగుతాం. ఎక్కువ వివాదాలు ఈ దశలో, ఒక హెడ్మాస్టరు విజ్ఞతతో, తీరిపోగలవు. తీరనప్పుడు ఆ వినతిపత్రం, దానికి వచ్చిన జవాబు లేదా జవాబు రాకపోవడం హైకోర్టు ముందు మన రికార్డవుతాయి. అప్పుడు న్యాయమూర్తి పటం అర్థం కోసం చరిత్ర వైపు చూడనక్కర లేకుండా, అడిగిన సర్దుబాటును పాఠశాల ఎందుకు నిరాకరించిందో ప్రభుత్వ న్యాయవాదిని అడగగలుగుతారు.